పూసల పనికి రేటు కావాలి

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో పూసల నగల మీద వచ్చిన కథనం చదివాను. ఫొటోలు చక్కగా వేశారు. ఆ ఎరుపు, ఆకుపచ్చ పూసల మూడు వరసల హారం ఎవరు గుచ్చారో గానీ చెయ్యి తిరిగిన మనిషి. వరసల్లో ఎక్కడా దారం కనిపించలేదు. కానీ కథనం మొదట్లో ఇది తీరిక వేళల్లో సరదాగా చేసుకునే పని అని రాశారు. చివర్లో చేతిఖర్చులకు నాలుగు డబ్బులు వస్తాయని రాశారు. ఈ రెండు మాటలూ నాకు మింగుడు పడలేదు. పూసలు గుచ్చి ఇల్లు గడుపుకొస్తున్నదాన్ని నేను. మా వీధిలోనే నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. మా పనికి ఒక రేటు అంటూ లేకపోవడానికి సగం కారణం ఇలాంటి మాటలేనని నా నమ్మకం. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. వీలైతే కోత పెట్టకుండా వేయండి.

మాది జగిత్యాల జిల్లా కోరుట్ల. ఒకప్పుడు మా వీధిలో ఏ గడప ముందు చూసినా బీడీల చేటలే కనిపించేవి. మా అమ్మ పెళ్లికి ముందు నుంచే బీడీలు చుట్టింది. తునికాకు తడిపి, కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, ఇరవై అయిదేసి కట్టలు చేసి సాయంత్రానికి కార్ఖానాకు మోసుకెళ్లేది. పని మానేసి ఏళ్లు గడిచినా తంబాకు ఘాటుకు పట్టుకున్న దగ్గు ఆమెను వదల్లేదు. ఆ దగ్గు వింటూ పెరిగినందుకే నేనూ మా చెల్లెలూ ఆ చేట ముట్టకూడదనుకున్నాం. నేను పూసల పనిలోకి వచ్చింది అందుకే. దీనికి ఘాటు లేదు, దుమ్ము లేదు. పాకే పిల్లలున్న ఇంట్లో మాత్రం పూసలు నేల మీద ఉంచకూడదు. నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు.

అయితే ఒక్క విషయంలో అమ్మ పని నా పనికంటే మేలు. ఆమెకు రేటు ఉండేది. వెయ్యి బీడీలకు ఇంత అని ఊరందరికీ తెలిసిన అంకె అది. ఎక్కువేమీ కాదు. దాన్ని పెంచమని ఆడవాళ్లు రోడ్డు మీద కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి. కానీ అడగడానికి ఒక అంకె ఉంది, అడిగేందుకు ఒక సంఘం ఉంది. పని పుస్తకం ఉంది, పీఎఫ్ ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు పింఛను మొదలుపెట్టినప్పుడు ఆ పీఎఫ్ కాగితమే అమ్మకు అక్కరకొచ్చింది. ఇప్పుడు ఆమె మందుల ఖర్చు దానిమీదే వెళ్తోంది. మా వీధిలో పూసలు గుచ్చే ఆడవాళ్లలో ఒక్కరి దగ్గరైనా, తాను ఈ పని చేస్తున్నానని చెప్పే కాగితం ముక్క లేదు.

ఇక్కడ పని ఎలా నడుస్తుందో చెబుతాను. సరుకు హైదరాబాద్ బేగంబజారు నుంచి వస్తుంది. ఏజెంటు పూసలు తూకం వేసి ఇస్తాడు. దారం, హుక్కులు, రింగులు లెక్కపెట్టి ఇస్తాడు. ఇలా ఉండాలని ఒక నమూనా దండ చేతిలో పెడతాడు. వారం తిరిగాక వచ్చి దండలన్నీ మళ్లీ తూకం వేస్తాడు, పూసలు పోయాయేమోనని. టేపు పెట్టి కొలుస్తాడు. రంగు తేడా ఉన్న పూస ఒక్కటి కనబడినా, ముడి పైకి తేలినా ఆ దండ పక్కన పెట్టేస్తాడు. పక్కన పెట్టినదానికి పైసా రాదు. విప్పి మళ్లీ గుచ్చాల్సిందే. ఒక అయిదు వరసల హారానికి అతడు చేతిలో పెట్టే డబ్బు మా ఊరి హోటల్లో ఒక పూట భోజనానికి చాలదు. ఎందుకింత తక్కువ అని అడిగితే, ‘ఇంట్లో కూర్చుని టీవీ చూస్తూ చేసేదే కదమ్మా’ అంటాడు. మీ కథనంలోని మాట కూడా దీనికి దూరంగా లేదు.

బీడీలు చుట్టేవాళ్ల విషయంలో కూడా ఒకప్పుడు ఇదే వాదన నడిచింది. ఇంట్లో తమ ఇష్టమొచ్చిన వేళలో చేసుకునేవాళ్లు మా కార్మికులెలా అవుతారని యజమానులు అన్నారు. 1966లో బీడీ, చుట్ట కార్మికుల కోసం వచ్చిన చట్టం, ముడిసరుకు తీసుకుని ఇంట్లో చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే లెక్కించింది. వాళ్లకు పీఎఫ్ కూడా ఇవ్వాల్సిందేనని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పులో కోర్టు ముఖ్యంగా పట్టించుకున్న విషయం ఒకటుంది. తెచ్చిన బీడీలు బాగాలేవని తీసి పారేసే అధికారం యజమానికి ఉందంటే, పని మీద అజమాయిషీ అతడిదేనని అర్థం. ఇంట్లో చేశారా, కార్ఖానాలో చేశారా అన్నది తర్వాతి సంగతి. కార్ఖానాలో బీడీలు తీసేసినప్పుడల్లా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకునేది. ఆమెను కార్మికురాలిగా నిలబెట్టింది కూడా ఆ తీసేసే అధికారమే. మా ఏజెంటు చేసేది కూడా అచ్చంగా అదే. సరుకు అతడిది, నమూనా అతడిది, కొలత అతడిది, వద్దనే అధికారం అతడిది. మరి మేము ఎవరం?

టీవీ చూస్తూ చేసే పని అన్నందుకు, అసలు పని ఏమిటో కాస్త వివరంగా రాయాలనిపిస్తోంది. మగ్గం వర్కు చేసేవాళ్లు షుగర్ బీడ్స్ అంటారే, ఆ సన్న గాజుపూసలతో నేను చేస్తాను. వీటికి నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 8 నంబరు దాదాపు 3 మిల్లీమీటర్లు, 11 నంబరు 2 మిల్లీమీటర్లు, 15 నంబరు అయితే ఒకటిన్నర. హారాలకు ఎక్కువగా వాడేది 11 నంబరు. అది అంగుళానికి పదిహేడో పద్దెనిమిదో పడతాయి. పద్దెనిమిది అంగుళాల హారం అయిదు వరసలుగా గుచ్చాలంటే దాదాపు పదహారు వందల పూసలు కావాలి. ఒక్కొక్కటీ సూది మొన మీదికి రావాల్సిందే.

గుచ్చడానికి ముందు ఏరాలి. తక్కువ ధర పూసల్లో లావువి, బక్కవి, వంకర తిరిగినవి, రంధ్రం పూడుకుపోయినవి అన్నీ కలిసి ఉంటాయి. పళ్లెంలో పాత మఖమల్ గుడ్డ పరిచి, పూసలు పోసి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాలి. ఇది చేయకపోతే వరస ఒకచోట ఉబ్బి, ఒకచోట లోపలికి పోయి మెడ మీద సరిగా కూర్చోదు. అంచు పదునుగా ఉన్న పూసలు ఇంకా ప్రమాదం. అవి నెమ్మదిగా దారాన్ని కోస్తూ ఉంటాయి, ఏదో పెళ్లిలో హారం పుటుక్కున తెగుతుంది. తర్వాత రంగు పరీక్ష. కొన్ని పూసలకు రంగు గాజులో ఉండదు, పైపూత మాత్రమే. నాలుగు పూసలు తెల్లగుడ్డలో మూటకట్టి సబ్బునీళ్లలో రాత్రంతా ఉంచితే కొంత తెలుస్తుంది. గోళ్లరంగు తుడిచే మందు దూదికి అద్ది రుద్దితే మరింత తేలిగ్గా బయటపడుతుంది. లోపల వెండిపూత ఉన్న పూసలు ముందు ధగధగలాడతాయి, చెమట తగిలితే కొన్నాళ్లకు నల్లబడతాయి. ఏజెంటు ఇచ్చే సరుకులో ఎంచుకునే వీలు లేదు. నేను సొంతంగా చేసి అమ్మే వాటిలో మాత్రం ఈ పరీక్షలు దాటని పూస వాడను.

ఇక అల్లిక. మీ ఫొటోల్లో పిల్లల చేతికి వేసిన పువ్వుల గొలుసు ఉంది కదా, అది చూడ్డానికి చాలా సులువుగా ఉంటుంది. దారానికి తేనెమైనం రాసి, సన్న సూదికి ఎక్కించాలి. ఆరు తెల్లపూసలు తీసుకుని సూదిని మళ్లీ మొదటి పూసలోంచి తీస్తే చిన్న వలయం అవుతుంది. దాని నడుమకు ఒక పసుపు పూస తీసుకుని, సూదిని ఎదుటివైపున్న నాలుగో తెల్లపూసలోకి దింపి లాగాలి. పసుపు పూస బొడ్డులో కూర్చుంటుంది, ఆరు రేకుల పువ్వు తయారవుతుంది. ఆ లాగడంలోనే ఉంది పనంతా. ఎక్కువ లాగితే పువ్వు దొప్పలా ముడుచుకుంటుంది, తక్కువ లాగితే రేకులు విడిపోయి దారం బయటపడుతుంది. పక్క పువ్వుకు వెళ్లేటప్పుడు అదే పూసలోంచి దారం రెండోసారి, మూడోసారి వెళ్లాలి. అప్పటికి రంధ్రం నిండిపోయి ఉంటుంది. సూది దూరడం లేదని బలవంతం చేస్తే పూస పగిలిపోతుంది. మధ్యలో పగిలితే కొత్త పూస పెట్టడానికి వీలుండదు, అక్కడిదాకా విప్పాలి.

చేతికి వేసుకునే పట్టీ ఒకటుంది. ఇటుకలు పేర్చినట్టు పూస పక్కన పూస సగం సగం ఎడంగా అల్లుతారు. వెడల్పు పది పూసలే అయినా, మణికట్టు చుట్టూ రావాలంటే ఏడెనిమిది వందల పూసలు పడతాయి. చెయ్యి తిరిగినవాళ్లకు అయిదారు గంటల పని. మధ్యలో కళ్లకు విశ్రాంతి ఇవ్వాలి. రాత్రి లైటు కింద నలుపూ ముదురు నీలమూ ఒక్కలాగే కనిపిస్తాయి కాబట్టి కిటికీ దగ్గర పగలే చేయాలి. అంటే వంట, నీళ్లు, పిల్లల బడి అన్నీ అయ్యాక తీరిక దొరికితే చేసేది కాదు. వెలుతురున్న వేళను దీనికి కేటాయించి మిగతా పనులు ముందూ వెనకా సర్దుకోవాలి. ఇలా చేసిన పట్టీని చేతిలోకి తీసుకుని, గాజు పూసలే కదా ఇంత ధరా అని కొందరు అడుగుతారు. వాళ్లంతా మంచివాళ్లే. అందులో గాజు ఎంతుందో వాళ్ల కంటికి కనిపిస్తోంది, గంటలు కనిపించడం లేదు. మీలాంటి పత్రిక చూపించాల్సింది ఆ గంటలనే.

కథనంలో ఇది జపాన్, చెక్ దేశాల నుంచి వచ్చిన కొత్త ఒరవడి అన్నట్టుగా కూడా రాశారు. జపాన్‌లోని హిరోషిమా ప్రాంతంలో తయారయ్యే పూసలు ఒక్కదానికొకటి తేడా లేకుండా ఉంటాయి. చెక్ దేశపు యాబ్లోనెత్స్ పూసలకు కూడా ఎప్పటి నుంచో పేరుంది. వాటి నాణ్యతను నేను తక్కువ చేయను. కానీ పూస మనకు కొత్త కాదు. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందటే సన్న గాజుపూసలు చేశారు. ఆ రకం పూసలు ఆగ్నేయాసియాలోనూ, ఆఫ్రికాలోనూ తవ్వకాల్లో బయటపడ్డాయి. కరిగిన గాజు ముద్దను పొడవాటి గొట్టపు కమ్మీకి పట్టించి, లోపల బోలు చేసి, సన్నటి గొట్టంగా లాగుతూ పోతారు. ఆ గొట్టాన్ని ముక్కలుగా కోసి, బూడిదతో కలిపి వేడిచేస్తే అంచులు నునుపు తేలతాయి. ఈ పద్ధతిలో పూసలు చేసే ఊరు మన తెలుగునేల మీదే ఉంది. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలం పాపానాయుడుపేట. గుడిమల్లం గుడికి వెళ్లేవాళ్లు ఆ ఊరి మీదుగానే వెళ్తారు. ఇరవయ్యో శతాబ్దం చివర్లో కూడా అక్కడ ఈ పని సాగుతుంటే విదేశీ పరిశోధకులు వచ్చి చూసి రాసుకున్నారు. మన పేజీలో చెక్ దేశం పేరు వచ్చింది, పాపానాయుడుపేట పేరు రాలేదు. మీ విలేకరిని ఒకసారి అక్కడికి పంపండి.

మా పల్లెల్లో పూసలవాళ్లు బుట్ట నెత్తిన పెట్టుకుని పూసలు, పిన్నులు, సూదులు, దువ్వెనలు అమ్ముతూ వచ్చేవాళ్లు. మా అమ్మమ్మ నల్లపూసలు తెగితే అరుగు మీద కూర్చుని గుచ్చి ఇచ్చిన పూసలమ్మే నాకు మొదటి గురువు. దారం చివర ముడి వేసి, కొస మళ్లీ రెండు మూడు పూసల్లోకి వెనక్కి దూర్చి కత్తిరించాలని ఆమె దగ్గరే చూశాను. ఈనాటికీ అలాగే చేస్తున్నాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంటివద్దే పూసలు గుచ్చే పని, నెలకు వేలల్లో ఆదాయం అంటూ ప్రకటనలు వస్తుంటాయి. సరుకు కోసం డిపాజిట్ కట్టమంటారు. గుచ్చి పంపిస్తే నాణ్యత లేదని తిప్పి పంపుతారు, డిపాజిట్ తిరిగి రాదు, ఆ తర్వాత ఫోను పలకదు. మా బంధువుల అమ్మాయి ఒకతె ఇలాగే పుస్తెల తాడు కుదువపెట్టి కట్టిన డబ్బు పోగొట్టుకుంది. పని ఇచ్చేవాడు పని చేసేవాళ్ల దగ్గర డబ్బు అడిగాడంటే అక్కడే అనుమానించాలి. ఈ ఒక్క మాట మహిళల పేజీలో పెద్ద అక్షరాలతో వేస్తే ఎన్నో ఇళ్లు నిలబడతాయి. అలాంటి ప్రకటనలు చిన్న ప్రకటనల్లో తీసుకునే ముందు మీరు కూడా విచారించాలని కోరుతున్నాను.

ప్రభుత్వాలకు కూడా మేము కనిపించడం లేదు. చేతివృత్తులవాళ్ల కోసం 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కుమ్మరి, కమ్మరి, స్వర్ణకారులు, దర్జీలు, బుట్టలల్లేవాళ్లు, బొమ్మలు చేసేవాళ్లు, పూలమాలలు కట్టేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లందరూ ఉండవలసినవాళ్లే. పూసల మాల గుచ్చేవాళ్లు ఆ జాబితాలో లేరు. అసంఘటిత కార్మికుల కోసం 2021లో వచ్చిన ఈ-శ్రమ్‌లో పేరు రాయించుకోవడానికి వెళ్లాను. ఏం పని చేస్తారని నమోదు చేసే కుర్రవాడు అడిగాడు. పూసలు గుచ్చుతానని చెబితే, కుట్టుపని అని పెట్టేస్తానమ్మా అని పెట్టేశాడు. అలా రికార్డుల్లో నేను దర్జీని. రేపు ఎవరైనా పూసల పనివాళ్లు ఎంతమంది ఉన్నారని లెక్క తీస్తే అందులో నేను ఉండను.

చట్టంలో దారి లేకపోలేదు. రోజు కూలీకే కాక ముక్కల లెక్కన, అంటే ఎన్ని చేస్తే అంత అనే లెక్కన చేసే పనికి కూడా కనీస రేటు నిర్ణయించే వీలు 1948 నాటి కనీస వేతనాల చట్టంలో ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల స్మృతి (కోడ్)లోనూ ఉంది. 2020 సామాజిక భద్రత స్మృతి, యజమాని కోసం ఇంటి దగ్గర పని చేసేవాళ్లను ఇంటి ఆధారిత కార్మికులుగా గుర్తించింది. సరుకు యజమాని ఇచ్చాడా, మనమే కొనుక్కున్నామా అన్నదానితో సంబంధం లేదని కూడా అందులో ఉంది. ఇలా ఇంటి దగ్గర కూర్చుని పని చేసేవాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒక ఒప్పందం తెచ్చింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. వెయ్యి బీడీలకు రేటు కట్టగలిగినప్పుడు వెయ్యి పూసలకు కట్టడం ఎందుకు సాధ్యం కాదు? గుచ్చే పనికి ఒక రేటు, అల్లే పనికి అంతకంటే ఎక్కువ ఇంకో రేటు, ఏరడానికి పట్టే సమయానికి దానిమీద కొంత. పని తెలిసిన నలుగురు ఆడవాళ్లను కూర్చోబెడితే ఒక పూటలో తేలిపోయే లెక్క ఇది.

సొంతంగా చేసి అమ్ముకునే చెల్లెళ్లకు కూడా ఒక మాట. ధర చెప్పేటప్పుడు పూసల ఖర్చుకు రెండింతలో మూడింతలో వేసుకోవడం కాకుండా, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ ఒక నోటుబుక్కులో రాసుకోండి. మీ ఊళ్లో దర్జీ పనికి వెళ్లే ఆడమనిషికి గంటకు ఎంత వస్తుందో కనుక్కోండి. అంతకు తక్కువకు ఇవ్వకండి. ఒకరు తక్కువకు ఇస్తే పక్కింటి ఆమె చెప్పే సరైన ధర కూడా ఎక్కువగానే కనిపిస్తుంది.

మీకు నా విన్నపం ఇది. ఇకముందు పూసల నగల మీద రాసినప్పుడు, ఆ నగకు ఎన్ని గంటలు పట్టిందో, చేసిన ఆమె చేతికి ఎంత వచ్చిందో ఫొటో కింద తప్పకుండా వేయండి. పూసల పనికి ముక్కల రేటు నిర్ణయించే ఆలోచన ఉందా అని మీ విలేకరి చేత కార్మిక శాఖ అధికారులను అడిగించి, వాళ్ల జవాబు కూడా అదే పేజీలో వేయండి. విలేకరి మా వీధికి వస్తానంటే నేనే దగ్గరుండి ఇల్లిల్లూ చూపిస్తాను. వెలుతురున్న వేళ రమ్మనండి, అందరూ కిటికీల దగ్గరే ఉంటారు.

ఇట్లు,
పూసల పని చేసే ఒక పాఠకురాలు,
కోరుట్ల, జగిత్యాల జిల్లా